రెండు భాషల మధ్య నూట ఇరవై మంది

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, హాస్టలు సాంబారు గురించీ, స్టడీ అవర్‌లో కునికిపాట్ల గురించీ, పీటీ మాస్టారి ఈల గురించీ రాసేవాళ్లు చాలామందే ఉంటారనిపించింది. అందుకే నేను మన హాస్టలు పిల్లల గురించి కాక, నూట యాభై ఏళ్ల కిందటి మరో హాస్టలు పిల్లల గురించి రాస్తున్నాను. వాళ్లు చైనావాళ్లు, చదువుకున్నది అమెరికాలో. అయినా వాళ్ల కథ చదువుతుంటే మనలో చాలామందికి ఎక్కడో తెలిసిన కథలాగే ఉంటుంది.

నేను సివిల్ ఇంజనీరుని. కొండల్లో రైలుమార్గాల గురించి చదువుతున్నప్పుడు జాన్ తియన్‌యో అనే చైనా ఇంజనీరు పేరు తగిలింది. చైనాలో ఆయన్ని రైల్వేల పితామహుడంటారు. పదకొండేళ్ల వయసులో ఇంగ్లీషు పెద్దగా రాకుండానే అమెరికా బడిలో చేరాడని తెలిశాక, ఆయన రైలుమార్గం కన్నా ఆయన చదువు మీదే నాకు ఆసక్తి పెరిగింది. అలా వెతుక్కుంటూ పోతే ఆయన వెనక ఇంకా నూట పంతొమ్మిది మంది కనబడ్డారు. వాళ్లందరికన్నా ముందు ఒకడు కనబడ్డాడు.

ముందు నడిచినవాడు

ఆయన పేరు యుంగ్ వింగ్. 1828లో మకావు దగ్గరి పల్లెలో పేద ఇంట పుట్టాడు. ఏడేళ్లకే మకావులో ఒక మిషనరీ భార్య నడిపే బడిలో, తర్వాత మారిసన్ స్కూల్లో చదివాడు. ఆ బడి హెడ్మాస్టరు శామ్యూల్ బ్రౌన్ ఆరోగ్యం బాగోలేక 1847లో అమెరికా తిరిగి వెళుతూ, తనతో వచ్చే పిల్లలెవరని క్లాసులో అడిగితే లేచి నిలబడ్డ ముగ్గురిలో యుంగ్ వింగ్ ఒకడు. ఓడలో తొంభై ఎనిమిది రోజుల ప్రయాణం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాన్సన్ అకాడమీలో చేరారు. ముగ్గురిలో ఒకరు జబ్బుపడి చైనా తిరిగివెళ్లాడు. మరొకరు ఎడింబరో వెళ్లి వైద్యం చదివాడు. యుంగ్ వింగ్ యేల్ కాలేజీలో చేరి, 1854లో పట్టా పుచ్చుకున్నాడు. అమెరికా కాలేజీలో పట్టా పొందిన తొలి చైనీయుడు ఆయనే.

యేల్లో ఆయనకి చెమటలు పట్టించింది కాల్‌క్యులస్. రెండో ఏడాది లెక్కల్లో తప్పుతానేమోనని బెంగపెట్టుకున్నాడట. ఆ గండం గట్టెక్కించింది ఇంగ్లీషు వ్యాసరచన. అదే ఏడాది క్లాసులోని అమెరికన్ పిల్లల్ని వెనక్కినెట్టి రెండుసార్లు మొదటి బహుమతి కొట్టాడు. ఇంగ్లీషు పరాయిభాష అయినవాడు ఇంగ్లీషులో మొదటివాడయ్యాడంటే, ఆ భాషలో ఎంతగా మునిగిపోయాడో ఊహించుకోవచ్చు.

ఆ మునక ఖరీదెంతో తిరుగుప్రయాణంలో తెలిసింది. ఓడ హాంకాంగ్ చేరువలోకి వచ్చినప్పుడు దారి చూపించడానికి ఒక చైనా సరంగు ఎక్కాడు. దగ్గర్లో ప్రమాదకరమైన రాళ్లూ, ఇసుకదిబ్బలూ ఉన్నాయేమో అతన్ని అడగమని కెప్టెన్ యుంగ్ వింగ్‌కి చెప్పాడు. అడుగుదామంటే ఆ మాటల్ని చైనీస్‌లో ఏమంటారో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. చివరికి ఇంగ్లీషు తెలిసిన ఆ సరంగే వాటిని చైనీస్‌లో ఏమంటారో ఆయనకి చెప్పాడు. ఈ సంగతి ఆయనే 1909లో అచ్చయిన తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నాడు. తర్వాత కాంటన్‌లో కొన్ని నెలలు కూర్చుని సొంతభాషని మళ్లీ నేర్చుకోవలసివచ్చింది.

తండ్రుల సంతకాలు

తనకి దొరికిన చదువు తన దేశపు పిల్లలకీ దొరకాలని ఆయన పట్టుదల. పదిహేనేళ్లకు పైగా అధికారుల చుట్టూ తిరిగాడు. చివరికి జెంగ్ గువోఫాన్, లీ హంగ్‌జాంగ్ అనే ఇద్దరు పెద్దల మద్దతుతో చైనా ప్రభుత్వం ఒప్పుకుంది. ఏడాదికి ముప్ఫై మంది చొప్పున నాలుగేళ్లపాటు నూట ఇరవై మంది పిల్లల్ని అమెరికా పంపాలి. అక్కడ పదిహేనేళ్లు చదివించి వెనక్కి తెచ్చుకోవాలి. ఖర్చంతా ప్రభుత్వానిదే.

ఉచితంగా పంపుతామన్నా పిల్లలు దొరకలేదు. పలుకుబడి ఉన్న ఇళ్లల్లో కొడుకుని ప్రభుత్వ పరీక్షలకి తయారుచేస్తారు కానీ సముద్రం దాటించరు. పైగా పిల్లవాడికి జబ్బు చేసినా, ప్రాణం పోయినా ప్రభుత్వానిది బాధ్యత కాదని తండ్రి రాసివ్వాలి. అందుకని వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్షిణాన, విదేశీయులతో వ్యాపారం అలవాటున్న గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం పిల్లలే. ఆ పత్రం మీద చెయ్యి వణకకుండా సంతకం పెట్టిన తండ్రి ఎవరైనా ఉంటాడా అని నాకు అనుమానం. మనల్ని ట్రంకుపెట్టెతో బడి గేటు దగ్గర దింపి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కిన మన నాన్నల ముఖాలు గుర్తుతెచ్చుకోండి. ఆ నాన్నలకి దసరా సెలవులైనా ఉన్నాయి.

షాంఘైలో తయారీ బడిలో కొంత ఇంగ్లీషు నేర్పి, 1872 ఆగస్టులో మొదటి ముప్ఫైమందిని ఓడ ఎక్కించారు.

పేరు చెబితేనే కూర

వీళ్లందరినీ ఒకేచోట ఉంచి చదివిద్దామని మొదటి ఆలోచన. కనెక్టికట్ రాష్ట్ర విద్యాధికారి బర్డ్సే నార్త్రప్ మొదలైనవాళ్లు వద్దన్నారు. ముప్ఫై మంది ఒక కప్పు కింద ఉంటే చైనీస్‌లోనే మాట్లాడుకుంటారు, ఇంగ్లీషు ఎప్పటికి వచ్చేను? అందుకని హార్ట్‌ఫర్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఊళ్లల్లో ఇంటికి ఇద్దరు చొప్పున సర్దారు. ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడు. మిగతా ఇల్లంతా ఇంగ్లీషు. చదవగలిగినంత ఇంగ్లీషు వచ్చాక బడికి పంపేవారు. అందాకా ఇంటి ఆడవాళ్లే పంతులమ్మలు.

రెండో జట్టులో వెళ్లిన యాన్ ఫూ లీ అనే కుర్రవాడు పెద్దయ్యాక 1887లో ఇంగ్లీషులో తన చిన్ననాటి ముచ్చట్లు ఒక పుస్తకంగా వేశాడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తమని ఉంచుకున్న ఇల్లాలు భాష నేర్పిన పద్ధతి అందులో చెప్పాడు. భోజనాల బల్ల దగ్గర ఒక్కో పదార్థం పేరూ చెప్పేది. తర్వాత ఆ పేరు గుర్తుంటేనే వడ్డన, లేకపోతే ఆ పదార్థం లేదు. ఈ పద్ధతిలో తమ చదువు ఆశ్చర్యపోయేంత వేగంగా సాగిందని లీ అంటాడు. మరి సాగదా! పేరు చెబితేగానీ ఆవకాయ వెయ్యమంటే మనం మాత్రం ఏ భాషైనా నేర్చుకోమూ!

అదే పుస్తకంలో ఇంకో సంగతుంది. ఒక ఆదివారం ఆవిడ వీళ్లని 'సండే స్కూల్'కి తయారవమంది. ఆ మాటలో వీళ్లకి తెలిసింది 'స్కూల్' ఒక్కటే. సరే, బడి కాబోలని బయలుదేరారు. తీరా వెళ్లాక అది చర్చి అని అర్థమై, లేచి బయటికి పరుగు తీశారు. చర్చికి వెళ్లకూడదని పెద్దల ఆజ్ఞ మరి. తెలిసిన ఒక్క మాట పట్టుకుని తెలియని వాక్యం మొత్తాన్ని ఊహించుకోవడం కొత్తభాషలో ఉన్న ప్రతివాడూ చేసే పనే. సగం సార్లు ఊహ సరిపోతుంది. మిగతా సగం సార్లు ఇలా వీధిలో తేలుతాం.

చైనా పిల్లలకి ఇంగ్లీషు ఎందుకంత కష్టమో కొంచెం చెప్పాలి. చైనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు. నిన్న వెళ్లినా, రేపు వెళ్లినా మాట అదే. కాలం చెప్పడానికి వేరే మాటలుంటాయి. ఏకవచనం, బహువచనం అని నామవాచకం మారదు. ఈ పిల్లల్లో ఎక్కువమంది మాట్లాడే కాంటనీస్‌లో అతనికీ ఆమెకీ ఒకటే సర్వనామం. 'ఎ', 'ది' లాంటివి లేవు. అక్షరమాలే లేదు. ఒక్కో మాటకి ఒక్కో గుర్తు. అలాంటి పిల్లవాడు ఇరవై ఆరు అక్షరాలు చూసి, ఇంతేనా అని సంతోషించి, వాటితో రాసే స్పెల్లింగుల దగ్గర బోల్తాపడతాడు. పలకడంలోనూ అంతే. రెండు హల్లులు పక్కపక్కన వస్తే కాంటనీస్ నాలుక మధ్యలో అచ్చు దూరుస్తుంది. 'ఫిల్మ్' వాళ్లకి 'ఫేలమ్' అయింది. 'బస్'ని బస్సు, 'రోడ్'ని రోడ్డు, 'బల్బ్'ని బల్బు చేసుకున్న మనం నవ్వడానికి లేదు. నాలుక కూడా తన ఇంటి వాకిట్లోంచే బయటికి నడుస్తుంది.

అయినా పిల్లలు పిల్లలే. రెండు మూడేళ్లకి బడిలో అమెరికన్ పిల్లలతో పోటీపడ్డారు. బేస్‌బాల్ ఆడారు, సైకిళ్లు తొక్కారు. జాంగ్ వెన్యావ్ అనే కుర్రవాడు యేల్ పడవజట్టుకి కాక్స్‌వెయిన్, అంటే వెనక కూర్చుని తెడ్లు వేసేవాళ్లని అదిలించేవాడు, అయ్యాడు. అతని మీద ఒక కథ చెప్పుకుంటారు. జట్టుని తిట్టి హుషారు చెయ్యాలని అతనికి చెప్పారట. మర్యాదగా పెరిగిన ఆ పిల్లవాడికి తిట్లెక్కడ వస్తాయి? ఏ భావం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు ఒక చిన్న తిట్టు అనేవాడట. జట్టువాళ్లు నవ్వలేక చచ్చేవారట. 1880లోనూ 1881లోనూ ఆ జట్టు హార్వర్డ్ మీద గెలిచింది. కొత్తభాషలో వ్యాసం రాయడం వస్తుంది, ఉపన్యాసం వస్తుంది. అందరికన్నా ఆఖర్న వచ్చేది తిట్టే.

రెండో పక్క

ఇంతవరకూ చెప్పింది ఇంగ్లీషు రావడం గురించి. కష్టమే, కానీ గట్టెక్కారు. అసలు చిక్కు రెండో పక్కన వచ్చింది.

చైనా ప్రభుత్వం ఈ పిల్లల్ని పంపింది చైనాలో ఉద్యోగం చెయ్యడానికి. చైనాలో కాగితం రాయలేనివాడు, ప్రాచీన గ్రంథాలు తెలియనివాడు అధికారి కాలేడు. అందుకని హార్ట్‌ఫర్డ్‌లో కాలిన్స్ వీధిలో ప్రభుత్వం ఒక పెద్ద భవనం కట్టింది. పిల్లలు వంతులవారీగా అక్కడికి వచ్చి చైనీస్ చదవాలి, కన్ఫ్యూషియస్ గ్రంథాలు వల్లెవెయ్యాలి, వ్యాసాలు రాయాలి. మిగతా పిల్లలు సెలవుల్లో ఆడుకుంటుంటే వీళ్లకి ఈ రెండో బడి. వాళ్లు దీనికి ముద్దుపేరేమీ పెట్టలేదు, 'నరకం' అన్నారు.

ఒక సంగతి గమనించండి. ఇంగ్లీషు వాళ్లకి అన్నంతో వచ్చింది, ఆటతో వచ్చింది, తల్లిలా చూసుకున్న ఆవిడ నోటితో వచ్చింది. సొంతభాష మాత్రం వంతు ప్రకారం, గుమాస్తాల ముందు, దండనగా వచ్చింది. పన్నెండేళ్ల పిల్లవాడు ఏది ఉంచుకుంటాడు, ఏది జార్చుకుంటాడు?

తర్వాత ఈ పథకానికి వూ జిదెంగ్ అనే కొత్త పర్యవేక్షకుడు వచ్చాడు. పిల్లలు ఆటల్లో పడ్డారని, చర్చిలకి పోతున్నారని, పెద్దల్ని గౌరవించడం లేదని, చైనీస్ మర్చిపోతున్నారని పైకి రాస్తూ పోయాడు. యుంగ్ వింగ్ తన ఆత్మకథలో ఈయన్ని దుమ్మెత్తిపోశాడు. కానీ చరిత్రని కొంచెం దూరంనుంచి చూసే మనం ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లలు చైనీస్ మర్చిపోతున్నారన్న ఫిర్యాదు అబద్ధం కాదు. ఆ మరుపు ఎలా ఉంటుందో ఓడ మీద యుంగ్ వింగ్‌కి అనుభవమే. వూ రోగాన్ని సరిగానే చూశాడు. మందే తప్పు. పిల్లలకి చైనీస్ ఇంకా బాగా ఎలా నేర్పాలని ఆలోచించకుండా, మొత్తం చదువే ఆపమన్నాడు.

అమెరికా కూడా తన వంతు చేసింది. 1868 ఒప్పందం ఉండికూడా చైనా విద్యార్థుల్ని తన సైనిక, నౌకాదళ కాలేజీల్లోకి రానివ్వలేదు. చైనా కూలీల మీద ద్వేషం దేశమంతా పెరుగుతోంది. 1882లో వాళ్ల రాకనే నిషేధిస్తూ చట్టం వచ్చింది. యేల్ అధ్యక్షుడు పోర్టర్ చైనా ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు. రచయిత మార్క్ ట్వేన్, పాస్టరు ట్విచెల్ కలిసి మాజీ అధ్యక్షుడు గ్రాంట్ దగ్గరికి వెళ్లి, ఆయన చేత లీ హంగ్‌జాంగ్‌కి రాయించారు. కొన్నాళ్లు ఆగింది. 1881లో వెనక్కి రమ్మని ఆజ్ఞ రానే వచ్చింది. పదిహేనేళ్ల చదువు తొమ్మిదేళ్లకే తెగింది. నూట ఇరవైమందిలో అప్పటికి యేల్ పట్టా చేతికొచ్చింది ఇద్దరికే. వాళ్లలో ఒకడు జాన్ తియన్‌యో.

షాంఘైలో స్వాగతం మాట అటుంచి, పాత భవనంలో పెట్టి కాపలా కాశారు. తర్వాత ఎవరేం చదివారని చూడకుండా టెలిగ్రాఫ్‌కి కొందరిని, నౌకాదళానికి కొందరిని పంచిపెట్టారు.

కొండ ఎక్కిన రైలు

యేల్లో రైలు ఇంజనీరింగ్ చదివిన జాన్ తియన్‌యోని ఓడ నడపడం నేర్చుకోమని ఫూజౌ నౌకాదళ పాఠశాలకి పంపారు. తర్వాత కాంటన్‌లో పిల్లలకి పాఠాలు చెప్పాడు. రైలు పట్టాల దగ్గరికి చేరడానికి 1888 దాకా పట్టింది. ఏడేళ్లు! ఒక ఇంజనీరుగా ఈ అంకె చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

1905లో బీజింగ్ నుంచి జాంగ్‌జియకోకి సుమారు 200 కిలోమీటర్ల రైలుమార్గం పని ఆయన చేతికి వచ్చింది. మధ్యలో కొండలు, వాటి మీద చైనా మహాకుడ్యం. విదేశీ ఇంజనీర్లు లేకుండా చైనావాళ్లు ఇది కట్టలేరన్నారు చాలామంది. బడాలింగ్ దగ్గర సుమారు 1,090 మీటర్ల సొరంగం. రెండు కొసలనుంచే తవ్వితే ఆలస్యమని కొండ పైనుంచి నిలువుగా బావి దింపి, అడుగునుంచి కూడా రెండు వైపులకీ తవ్వించాడు. చింగ్‌లాంగ్‌చియావ్ దగ్గర రైలు ముందుకెళ్లి ఆగి, వెనక్కి నడుస్తూ ఇంకో వాలు ఎక్కేలా పట్టాలు వంచాడు. మన డార్జిలింగ్ రైలు జిగ్‌జాగ్‌లు చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ముందొక ఇంజను, వెనకొక ఇంజను. గడువుకన్నా ముందే, 1909లో రైలు నడిచింది.

నాకు ఈ రైలుకన్నా నచ్చిన ఆయన పని మరొకటుంది. 1915లో ఆయన ఇంజనీరింగ్ మాటలకి ఇంగ్లీషు, చైనీస్ నిఘంటువు తయారుచేశాడు. పదకొండేళ్లకి ఇంగ్లీషులోకి దూకి, ఇరవయ్యేళ్లకి సొంతభాషలోకి మళ్లీ దూకినవాడికి, ఈ రెండింటి మధ్య వంతెన లేకపోతే ఎంతమంది మునుగుతారో తెలుసు. తనకి దొరకని వంతెనని తర్వాతవాళ్లకి కట్టిపెట్టాడు.

మిగతావాళ్లు కూడా అలాగే నిలదొక్కుకున్నారు. తాంగ్ షావోయి 1912లో చైనా గణతంత్రానికి తొలి ప్రధాని అయ్యాడు. ఆండోవర్‌లోని ఫిలిప్స్ అకాడమీలో బేస్‌బాల్ ఆడిన లియాంగ్ చెంగ్ వాషింగ్టన్‌లో రాయబారిగా ఉంటూ, అమెరికా ఎక్కువగా వసూలు చేసిన యుద్ధ పరిహారాన్ని వెనక్కి ఇప్పించడానికి పాటుపడ్డాడు. ఆ సొమ్ముతోనే 1911లో బీజింగ్‌లో చింగ్‌హువా పాఠశాల వచ్చింది. ఈనాటి చింగ్‌హువా విశ్వవిద్యాలయం అదే. దాని తొలి అధ్యక్షుడు తాంగ్ గువోఆన్ కూడా ఈ నూట ఇరవైమందిలోవాడే. అక్కడ పిల్లలు సొంతగడ్డ మీద ఏళ్ల తరబడి చైనీస్, ఇంగ్లీషు రెండూ చదివి, వయసొచ్చాక అమెరికా వెళ్లారు. తమకి జరిగింది వెనకటివాళ్లకి జరగకూడదనుకున్నవాళ్లు కట్టిన బడి అది.

మన బడి సంగతి

మనలో 1980లలో చదివినవాళ్లం పదో తరగతి దాకా త్వరణం, ద్రవ్యవేగం, క.సా.గు. అంటూ తెలుగులో చదివి, ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డాం. ఆ త్వరణమే 'యాక్సిలరేషన్' అని తెలియడానికి కొందరికి వారం పట్టింది, కొందరికి ఏడాది పట్టింది. తెలియక చదువు మానేసినవాళ్ల పేర్లు ఈ సంచికలో ఉండవు. ఇప్పుడు మన ఊళ్లల్లో పరిస్థితి తిరగబడింది. ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం. 'యాక్సిలరేషన్' వచ్చు, త్వరణం తెలియదు. చాలామందికి రెండింట్లో ఏదీ అర్థం కాదు, బట్టీ మాత్రం వచ్చు.

ఇంగ్లీషు వద్దని నేను అనను. నా అన్నం ఇంగ్లీషు పెట్టింది. కానీ ఈ నూట ఇరవైమంది కథ చెబుతున్నది ఒకటే. పిల్లవాడికి కొత్తభాష రావడం అంత పెద్ద సమస్య కాదు. ప్రేమగా చెప్పే మనిషి, మాట్లాడే అవసరం ఉంటే రెండు మూడేళ్లలో వస్తుంది. కష్టమైనది రెండు భాషల్నీ ఒకే బుర్రలో కలిపి నిలబెట్టడం. అది దానంతటది జరగదు. ఎవరో పూనుకోవాలి. హార్ట్‌ఫర్డ్‌లో ఇంగ్లీషుకి పూనుకున్నవాళ్లు ఇంటింటా ఉన్నారు, చైనీస్‌కి ఉన్నది శిక్షలాంటి ఒక భవనం. అందుకే అది ఓడిపోయింది.

మనకి పనిముట్లు లేకపోలేదు. తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలున్నాయి. ఇప్పుడు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఆ ఎదుటి పేజీ తిప్పించే మనిషే కావాలి. మన సంఘం ప్రతి ఏటా పిల్లలకి బహుమతులిస్తోంది, బెంచీలు చేయిస్తోంది. దాంతోపాటు ఒక్కో సబ్జెక్టు మన బ్యాచుల్లో ఒకరు తీసుకుని, నెలకో ఆదివారం బడికి వచ్చి, పాఠంలోని మాటల్ని రెండు భాషల్లోనూ పక్కపక్కన పెట్టి, ఉదాహరణతో చెబితే బాగుంటుందని నా ప్రతిపాదన. సివిల్ పని మాటలకీ, ఎనిమిది నుంచి పది దాకా భౌతికశాస్త్రానికీ నేను పేరిస్తున్నాను. జీవశాస్త్రానికి డాక్టరు మిత్రులు ముందుకు రావాలి. మా మాస్టార్లు ఓపికుంటే వచ్చి కూర్చుంటే చాలు, మేం సరిగా చెబుతాం.